వేలిముద్రకు తాళం వేయించండి

సంపాదకులకు,

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఆ మధ్య ఎవరికి ఫోన్ చేసినా ముందు అదే వినిపించేది, మంచిదే. కానీ మా నాన్న ఎవరికీ ఏ ఓటీపీ చెప్పలేదు, ఆయన ఖాతాకు ఏటీఎం కార్డే లేదు. అయినా పోయినేడు రెండు రోజుల్లో 20,000 రూపాయలు పోయాయి. బ్యాంకుకు వెళ్తే "మీ వేలిముద్ర పడింది, మీరే తీసుకున్నారు" అన్నారు. ఆ రెండు రోజులూ ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలోనే ఉన్నారు.

ఊళ్లో చిన్న మిషన్ మీద వేలు పెట్టించుకుని డబ్బులిస్తారు కదా, ఆధార్‌తో నడిచే ఆ పద్ధతిని ఏఈపీఎస్ అంటారు. దానికి కావాల్సింది ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, అంతే. బ్యాంకు దూరమైన పల్లెలకు ఇది నిజంగా పెద్ద మేలు, దాన్ని తీసేయమని నేను అనడం లేదు. అయితే వేలిముద్ర రహస్యమేమీ కాదు. పట్టుకున్న ప్రతి గ్లాసు మీదా ఉంటుంది. 2008లో జర్మనీలో హ్యాకర్లు ఏకంగా ఆ దేశ హోం మంత్రి వేలిముద్రను ఆయన తాగిన గ్లాసు మీది నుంచి తీసి పత్రికలో అచ్చేశారు. మన దేశంలోనే, తెలంగాణలో 2018లో ఒక సిమ్ కార్డుల ఏజెంటు రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని ముద్రలతో రబ్బరు వేళ్లు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు పోతే ఏం మార్చుకుంటాం?

మా నాన్న ముద్ర ఎక్కడ జారిందో నాకు తెలియదు గానీ, అంతకు మూడు నెలల ముందే పొలం రిజిస్ట్రేషన్ అయింది, ఆధార్, దస్తావేజు జిరాక్సులు ఎన్ని చేతులు మారాయో లెక్కలేదు. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా డబ్బు పోతే మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం ఉండదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. కానీ డబ్బు తీసినట్టు బ్యాంకు మెసేజ్ ఇంగ్లీషులో వచ్చింది, ఆయన చదవలేదు, మాకు తెలిసేసరికి తొమ్మిది రోజులైంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాం, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

ఆధార్ వెబ్‌సైట్‌లో, యాప్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్రకు తాళం ఉంది. వేసేస్తే రబ్బరు వేలు పనిచేయదు. ఇది చాలామందికి తెలియదు, తెలిసినా రేషన్ ఆగిపోతుందేమోనని భయం. అందుకే నేను అడిగేది ఒకటే, ఖాతాదారు కావాలని అడిగితే తప్ప వేలిముద్రతో డబ్బు తీసే వీలు ఎవరి ఖాతాకూ ఉండకూడదు, అప్పుడు రేషన్ జోలికి పోకుండానే డబ్బు భద్రంగా ఉంటుంది. దస్తావేజు కాపీల్లో వేలిముద్ర, ఆధార్ నంబరు కనిపించకుండా చేసే ఇవ్వాలి. మెసేజ్‌లు తెలుగులో పంపాలి.

ప్రస్తుతానికి నాన్న ఆధార్‌కు నా నంబరు కలిపి లాక్ వేశాను. రేషన్ రోజున ఆయన లైన్లోంచి ఫోన్ చేస్తే నేను హైదరాబాద్‌లో ఆఫీసు పని ఆపి లాక్ తీస్తాను. అది పది నిమిషాలే తెరుచుకుని ఉంటుంది, ఈలోగా ఆయన వంతు రాకపోతే మళ్లీ ఫోన్ చేస్తారు.

- ఒక రైతు కొడుకు, తెనాలి