ఓవర్‌లోడ్ కాదు, మీరు కట్టిన చక్రమే వదులు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే నా ఫిర్యాదు నమోదైంది, క్లోజ్ అయింది, మళ్లీ నమోదైంది, మళ్లీ క్లోజ్ అయింది. క్లోజ్ చేసిన ప్రతిసారీ ‘మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం, మాకు రేటింగ్ ఇవ్వండి’ అని మెసేజ్ మాత్రం ఠంచనుగా వస్తోంది. అందుకే ఈసారి రాసి పంపుతున్నాను. దయచేసి పూర్తిగా చదివాక క్లోజ్ చేయండి.

శ్రీకాకుళంలో మీ డీలరు దగ్గర కొన్న హైబ్రిడ్ సైకిలుకు (తారు రోడ్డుకూ, మట్టిదారికీ పనికొచ్చే రకం) వెనక చక్రం స్పోకులు ఒకదాని తర్వాత ఒకటి తెగుతున్నాయి. బిల్లు, వారంటీ కార్డు, తెగిన స్పోకుల ఫోటోలు జత చేశాను. మీరేమో ‘ఓవర్‌లోడ్, వారంటీ వర్తించదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఈ సైకిలు ఎందుకు కొన్నానో మీ డీలరుకు ముందే చెప్పాను, మీకూ చెప్తాను. మా స్కూలు టీచర్లం, ఇంకొందరు స్నేహితులం కలిసి జనవరిలో శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా, దారిలో ఉద్దానం ఊళ్లలో ఆగుతూ సైకిళ్ల మీద వెళ్లి రావాలనుకున్నాం. ఆ కొబ్బరి, జీడితోటల ఊళ్లలో కిడ్నీ జబ్బు సంగతి రాష్ట్రమంతా తెలుసు, కచ్చితంగా ఎందువల్ల వస్తోందో మాత్రం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, సోంపేటలో, కవిటిలో కూడా డయాలసిస్ చేస్తున్నారు, కానీ వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు పడుతుంది కాబట్టి లోపలి ఊరి నుంచి ఆటో మాట్లాడుకుని, తోడు వచ్చేవాళ్ల కూలి కూడా పోగొట్టుకుని వెళ్లడం ఎంత కష్టమో ఆ ఇళ్లలో వాళ్లకే తెలుసు. మేం చందాలు పోగు చేస్తున్నది ఆ ఆటో ఖర్చులకే. చాలామంది దాతలు కిలోమీటరుకు ఇంత అని రాసిచ్చారు. అంటే మీ చక్రం ఎక్కడ ఆగితే చందా కూడా అక్కడే ఆగిపోతుంది.

మాలో ఎవరికీ వరసగా నాలుగైదు రోజులు తొక్కిన అలవాటు లేదు. అందుకని వర్షాలు తగ్గిన దగ్గర్నుంచి శనీ ఆదివారాలు ప్రాక్టీసు చేస్తున్నాం, మొదట శ్రీకూర్మం, తర్వాత కళింగపట్నం. రెండు రోజులూ విడవకుండా తొక్కడం ఎందుకంటే, మొదటి రోజు ఉత్సాహంలో ఎవరైనా తొక్కేస్తారు, రెండో రోజు పొద్దున్నే మళ్లీ ఆ సీటు మీద కూర్చోవడంలోనే ఉంది అసలు సంగతంతా. (మీ యాప్‌లో ఎనర్జీ జెల్ కొనమని రోజూ నోటిఫికేషన్ పంపుతున్నారు. మాకు చోడి (రాగి) అంబలి ఉంది, అది చాలు, ఆ నోటిఫికేషన్లు ఆపండి.) కాళ్లు, నడుము, చేతులు అన్నీ మెల్లగా అలవాటు పడ్డాయి, ఒక్క మీ చక్రం తప్ప.

మొదటిసారి గార దాటాక టక్కుమని చప్పుడు వచ్చింది, వెంటనే చక్రం వంకర తిరిగి బ్రేకు రబ్బరుకు రాసుకోవడం మొదలైంది. తెగింది గేర్ల వైపు స్పోకు. దాన్ని మార్చాలంటే గేర్ల సెట్టు విప్పాలి, దానికి ప్రత్యేకమైన టూల్ కావాలి, అది మీ డీలరు దగ్గరే లేదు! బండి అమ్మేవాడి దగ్గర దాన్ని విప్పే టూల్ లేకపోతే ఎలాగండీ? విశాఖపట్నం సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లమన్నారు. వంద కిలోమీటర్ల దూరం, చక్రం చంకలో పెట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కాను. అక్కడ తెగినవాటిని మాత్రం మార్చి, జాబ్ షీట్ మీద ‘కస్టమర్ రైడింగ్ స్టైల్’ అని రాసి పంపించేశారు. తర్వాత వాటి పక్కవి తెగాయి.

ఇక ఓవర్‌లోడ్ మాట. మీ మాన్యువల్లో మొత్తం బరువు 110 కిలోల దాకా ఉండొచ్చని మీరే రాశారు. నా బరువు 58, సైకిలు 14, బ్యాగును కిరాణా కొట్లో తూకం వేయించాను, 9. కలిపితే 81. క్యారియర్ కూడా మీ కంపెనీదే, మీ డీలరే బిగించాడు, దాని మీద 25 కిలోలు అని అచ్చు కొట్టి ఉంది. ఏ లెక్కన ఓవర్‌లోడో నాకు కాగితం మీద చూపించండి.

మా బజారులో ఒక పాత సైకిల్ మెకానిక్ ఉన్నారు. ఆయన స్పోకులను రెండేసి చొప్పున వేళ్లతో నొక్కి చూసి, ‘అమ్మా, ఇవి బరువుకి తెగినవి కావు, పుల్లలు వదులుగా కట్టేసి పంపించేసారు’ అన్నారు. నన్ను కూడా నొక్కి చూడమన్నారు, కొన్ని బిర్రుగా ఉన్నాయి, కొన్ని తాడులా ఊగుతున్నాయి. చక్రం తిరిగినప్పుడల్లా నేల వైపుకు వచ్చిన స్పోకు కాస్త సడలి, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తుందట. ముందే వదులుగా ఉంటే ఆ సడలడం ఎక్కువై, చక్రం మధ్యలోని హబ్బు దగ్గరి వంపులో లోహం అలసి తెగిపోతుందట. నా స్పోకులన్నీ సరిగ్గా ఆ వంపులోనే తెగాయి, ఫోటోల్లో చూడండి. ఇదే మీ కాల్ సెంటరు అబ్బాయికి చెప్తే ‘మీ వారికి ఫోన్ ఇవ్వండి మేడమ్, టెక్నికల్‌గా వివరిస్తాను’ అన్నాడు. మా వారికి సైకిలు తొక్కడమే రాదు.

ఇంకో సంగతి. ‘టూర్‌కు రెడీ’ అని అమ్మిన సైకిలు ట్యూబుకు మామూలు పంపు పట్టని ఆ సన్నని ప్రెస్టా వాల్వు పెట్టారు. నరసన్నపేట దాటాక ఏ పంచరు షాపులో దీనికి గాలి కొట్టగలరు? చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి డబ్బాలో వేస్తే మీ సొమ్మేం పోయేది?

నాకు కావలసింది చెప్తున్నాను. వెనక చక్రం మొత్తం కొత్తది పంపండి, అన్ని స్పోకులూ సమానంగా బిగించి, ఎవరైనా చేత్తో సరిచూసిన తర్వాతే. మళ్లీ తెగిన రెండు స్పోకులు మార్చి ఇస్తామంటే కుదరదు. ఎందుకంటే మేం వెళ్లేది హైవే మీద, లారీల పక్కన, అక్కడ చక్రం వంకర తిరిగితే జరిగేది మీ జాబ్ షీట్‌లో పట్టదు. నేను విశాఖ రాను, శ్రీకాకుళం డీలరు దగ్గరే బిగించి ఇవ్వాలి. సర్వీస్ సెంటరులో కట్టించుకున్న డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఇవి చేయలేకపోతే సైకిలు తీసుకుని పూర్తి డబ్బు ఇచ్చేయండి, వేరేది కొనుక్కుంటాను.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు చెప్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.

చక్రంతో పాటు విడి స్పోకులు గేర్ల వైపు కొలతవి, అవతలి వైపువి వేర్వేరుగా పంపండి, వాటి పొడవు వేరని మీకు తెలిసే ఉంటుంది. పాత చక్రం మీ మనిషి వచ్చి పట్టుకెళ్లొచ్చు. స్కూలు ఉంటుంది కాబట్టి సాయంత్రం ఐదు తర్వాతే ఫోన్ చేయండి, నాకే చేయండి.

ఇట్లు,
మీ కస్టమర్,
శ్రీకాకుళం