మా వీధి మొగ దాకా నన్ను నడిపించినవాళ్లకి

ఒడిశా బరంపురంలో ఉన్న మనవాళ్లందరికీ నమస్కారం.

మొన్న ఆదివారం పొద్దున్న మా ఇంటి గడప దగ్గర్నుంచి వీధి మొగ దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, వాకర్‌తో నడిచి వెళ్లి, తిరిగి వచ్చాను. వెళ్లడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది, రావడానికి ఇంకాస్త ఎక్కువ. పక్షవాతం వచ్చి ఎడమ కాలు ఈడ్చి నడవాల్సి వచ్చాక ఒక్కదాన్నే అంత దూరం వెళ్లడం ఇదే మొదటిసారి. దీని వెనక ఉన్నవాళ్లకి నోటితో చెప్పాను కానీ మనసు నిండలేదు. అందుకని నలుగురిలో రాస్తున్నాను. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు. మా వీధివాళ్లకి ఎవరు ఎవరో తెలిసిపోతుంది లెండి.

ముందు పడ్డ రోజు సంగతి చెప్పాలి. అవి ఆషాఢం వానలు. వానలకి ముందు ఫుట్‌పాత్ కింది కాలువలో పూడిక తీయడానికి పైన పలకలు లేపుతారు. లేపిన పలకని మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టకపోతే రెండు పలకల మధ్య నాలుగు వేళ్ల సందు ఉండిపోతుంది. చకచకా నడిచేవాళ్ల కంటికి అది ఆనదు, దాటుకుని పోతారు. వాకర్ కాలికి ఉండే రబ్బరు బూటు వెడల్పు రెండు వేళ్లే. ఆ రోజు సందు నిండా నీళ్లు నిలిచి, నేలతో సమానంగా కనబడింది. వాకర్ ముందుకాలు అందులోకి దిగిపోయింది, దాంతో పాటు నేనూ పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. నాకు పట్టున్న చెయ్యి అదొక్కటే.

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది టిఫిన్ బండి మావుసీ, ఒడియాలో పిన్నిని అలా అంటారు. పొయ్యి మీద ఘుగుని, అదే బఠాణీల కూర, అలాగే వదిలేసి వచ్చింది. చెయ్యి కదపనివ్వకుండా, అట్టముక్క ఆన్చి తన తువ్వాలుతో కట్టింది. ఆసుపత్రిలో కట్టు కట్టినాయన ఆ తువ్వాలు విప్పుతూ, ఎవరు కట్టారో గాని బాగా కట్టారమ్మా అన్నారు. ఆటో బాబు నా దగ్గర రూపాయి తీసుకోలేదు. మా వీధిలో గది తీసుకుని పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుకుంటున్న అమ్మాయి, మర్నాడు పరీక్ష ఉండి కూడా, విశాఖపట్నం నుంచి మా అమ్మాయి రైలు దిగి వచ్చేదాకా నా మంచం పక్కనే కూర్చుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుకుంది, మధ్యమధ్యలో నాకు మంచినీళ్లు తాగించింది. తల్లీ, నువ్వు పాసయ్యావని తెలిసిన రోజున మా ఇంట్లో పాయసం చేశాం.

పడినవాళ్లని లేపే గుణం మన ఊళ్లో ఎప్పుడూ ఉంది. తెలుగువాళ్లయినా ఒడియావాళ్లయినా ఆ పూట ఒకటే. కానీ ఆ తరవాత నాలుగు నెలలు నేను కిటికీ దగ్గరే ఉండిపోయాను. రోజూ నడవకపోతే ఎడమ కాలు ఇంకా బిగుసుకుపోతుందని వ్యాయామం చేయించే అబ్బాయి చెబుతూనే ఉన్నాడు. నడవడానికి చోటేది? అప్పుడు వీళ్లు చేసిన పనికి నేను ఎక్కువ రుణపడ్డాను. ఇంకొకరు నన్ను లేపాల్సిన అవసరమే రాకుండా చూశారు.

పక్కింటి అన్నయ్య గారు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఒడియాలో అర్జీ ఆయనే రాశారు. ఏడుస్తూ వేడుకున్నట్టు రాయలేదు, హక్కుగా రాశారు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చిందనీ, నడిచేవాళ్లకి ఫుట్‌పాత్ ఉండాలి, అది దివ్యాంగులకీ పనికి రావాలి, అది రాజ్యాంగంలో 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగం అని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పిందనీ అందులో పెట్టారు. రోడ్లకి కొలతలు, ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం నడవడానికి అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. అన్నయ్య గారు టేపు పట్టుకుని మా వీధి కొలిచి, ఎక్కడ ఎంత ఉందో కాగితం మీద బొమ్మ గీసి జత చేశారు. కరెంటు స్తంభం దగ్గర రెండడుగులు కూడా లేదు. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుపానుకి పడిపోయిన వేపచెట్టు మొదలు ఇన్నేళ్లుగా ఫుట్‌పాత్ మధ్యలోనే ఉంది. రెండుసార్లు వెళితే పని కాలేదు. డెబ్బై దాటిన మనిషి మూడోసారి కూడా ఎండలో వెళ్లారు.

మూడోసారికి ఒక ఇంజినీరు బాబు వచ్చారు. ఆయనకి ప్రత్యేకంగా దండం పెట్టాలి. కాగితం చూసి ఊరుకోలేదు. నా వాకర్ అడిగి తీసుకుని, ఎడమ కాలు ఎత్తకుండా ఈడుస్తూ స్తంభం దాకా తనే నడిచి చూశారు. తిరిగొచ్చేసరికి ముఖం మారిపోయింది. పలకలు సరిచేయడం, చెట్టు మొదలు తీయడం, వీధి మొగలో ఫుట్‌పాత్‌ని రోడ్డులోకి వాలుగా దించడం, మూడూ ఒప్పుకున్నారు.

ఆ వాలు దగ్గరే అందరం చాలా నేర్చుకున్నాం. ఫుట్‌పాత్ అంచు రోడ్డుకి తొమ్మిది అంగుళాల ఎత్తుంది. మేస్త్రీ రెండడుగుల్లో దించేశాడు. చూడ్డానికి బాగానే ఉంది గాని, పైన నిలబెడితే వాకర్ దానంతటదే కిందకి జారింది. మన డిప్లొమా అమ్మాయి చెప్పింది, అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవుండాలని. అంటే తొమ్మిది అడుగులు. రోడ్డు వైపు అంత చోటు లేదు. ఇంజినీరు బాబూ, అమ్మాయీ, మేస్త్రీ ముగ్గురూ నిలబడి ఆలోచించి, రోడ్డులోకి పొడిగించకుండా ఫుట్‌పాత్‌నే పొడవునా నిదానంగా కిందకి దించారు. మేస్త్రీ పోసింది తనే పగలగొట్టాడు, రెండో రోజు కూలి అడగలేదు. తాపీతో నున్నగా రుద్దడం అతని చేతికి అలవాటు. వానకి జారుతుందని చెప్పగానే, తడి ఆరకముందే కొబ్బరి చీపురుతో అడ్డగీతలు గీశాడు. ఆదివారం నా రబ్బరు బూట్లు ఆ గీతల మీదే పట్టుకుని నిలబడ్డాయి.

ఇంకొకటి నాకు తట్టనే తట్టలేదు. మా వీధిలో చూపులేని ఒక మావయ్య గారు ఉన్నారు. ఫుట్‌పాత్ అంచు కర్రకి తగిలితేనే రోడ్డు వచ్చిందని ఆయనకి తెలుస్తుంది. అంచు తీసేస్తే నాకు సుఖం, ఆయనకి ప్రమాదం. ఆయనే వచ్చి, వాలు ఉంచండి, కానీ చివర నా పాదానికి తెలిసేలా ఏదైనా పెట్టండి అన్నారు. అందుకని వాలు చివర చుక్కల టైల్స్ వరస వేశారు. చుక్కలు తగిలితే ఆగాలని గుర్తు, గీతలుంటే తిన్నగా వెళ్లమని. మావయ్య గారూ, మీరు అడగకపోతే నా మేలు కోసం మీకు కీడు చేసి ఉండేదాన్ని.

చివరికి మళ్లీ మావుసీ దగ్గరికే వస్తాను. పని జరుగుతుంటే ఒకరిద్దరు, ఈ బండి ఎత్తించేస్తే గొడవ వదిలిపోతుంది అన్నారు. నా మనసు ఒప్పుకోలేదు. నా చెయ్యి కట్టిన మనిషి అన్నం మీద కొట్టి నాకు దారి కావాలా? వీధి వ్యాపారులకీ 2014లో చట్టం వచ్చింది, వాళ్లకీ హక్కుంది. ఈ మాట ఆవిడ చెవిన ఎలా పడిందో, మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. వాకర్ అడిగి పట్టుకెళ్లి, బండి పక్కన పెట్టి చూసుకుంది. బండిని గోడ వైపు జరుపుకుంది. తినేవాళ్లు కూర్చునే బల్ల, కడుగుడు బకెట్టు వెనక్కి పెట్టుకుంది. అప్పటినుంచి రోజూ బండి పెట్టగానే సుద్దముక్కతో నేల మీద గీత గీస్తుంది. ఎవరైనా బండి ఆనించి బైకు ఆపితే, గీత చూపించి తీయిస్తుంది. ఎదురు సెల్‌ఫోన్ కొట్టు కుర్రాళ్లు కూడా ఇప్పుడు బైకులు సందులోనే పెడుతున్నారు. బాబులూ, మీకూ నా ఆశీస్సులు.

స్తంభం ఇంకా అక్కడే ఉంది. దానికి వేరే అర్జీ వెళ్లింది. అక్కడ మాత్రం రోడ్డు మీదికి దిగి నాలుగడుగులు వేసి మళ్లీ ఎక్కుతున్నాను. ఆ నాలుగడుగులూ మావుసీ తల తిప్పకుండా నన్నే చూస్తూ ఉంటుంది.

బుఢీ ఠకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది కదా. వచ్చే యాత్రకి అమ్మవారి దగ్గరికి నా కాళ్లతోనే వెళ్లాలని కోరిక. ఈలోగా మీ వీధిలో ఎవరికైనా పనికొస్తుందంటే, అన్నయ్య గారు రాసిన ఒడియా అర్జీ జిరాక్స్‌లు మావుసీ బండి దగ్గర పెట్టించాను. పొద్దున్న ఆరు నుంచి పది దాకా ఉంటుంది. అడిగి తీసుకోండి.