నేరం ఒకరిది, అద్దె ఇల్లు దొరకనిది అందరికీ

సంపాదకుడు గారికి,

మా టోలిచౌకి వైపు కొన్నేళ్లుగా ఆఫ్రికా దేశాల విద్యార్థులు అద్దెకుంటున్నారు. ఇటీవల మా అపార్ట్‌మెంట్‌లో ఖాళీ అయిన ఫ్లాట్ కోసం సోమాలియా నుంచి వచ్చిన ఒక పీజీ విద్యార్థి బ్రోకర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. అద్దె, అడ్వాన్సు ముందే ఫోన్లో ఖాయమయ్యాయి. మనిషిని చూడగానే ఓనరు గారు మెట్ల దగ్గరే ఆపేసి, "మా చుట్టాలొస్తున్నారు, ఇవ్వట్లేదు" అన్నారు. ఆ అబ్బాయి యూనివర్సిటీ ఐడీ కార్డు, పాస్‌పోర్టు జిరాక్సు మళ్లీ ఫైల్లో పెట్టుకుని వెళ్లిపోయాడు. టూలెట్ బోర్డు మాత్రం గేటుకు అలాగే వేలాడింది.

ఎందుకండీ అంటే, "పేపర్లో చూడట్లేదా, అన్నీ డ్రగ్స్ కేసులే" అన్నారాయన. మీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ మాటే.

డ్రగ్స్ కేసుల్లో కొందరు నైజీరియన్లు పట్టుబడిన మాట నిజం. మనవాళ్లూ పట్టుబడుతున్నారు. మనవాడైతే హెడ్డింగ్‌లో అతని పేరు వస్తుంది, ఆఫ్రికా మనిషైతే దేశం పేరు వస్తుంది. రోజూ అది చదివే వాళ్లకు నైజీరియా ఏదో సోమాలియా ఏదో పట్టదు, రంగొక్కటే గుర్తుంటుంది. నల్లవాళ్లపై వివక్ష అంటే నాకు అర్థమైంది ఇదే: ఒకరి తప్పును ఆ రంగున్న వాళ్లందరి మీదా వేయడం. 2016లో బెంగళూరులో సూడాన్ విద్యార్థి నడిపిన కారు ఢీకొని ఒక మహిళ చనిపోతే, ఆ తర్వాత అటుగా వచ్చిన టాంజానియా విద్యార్థినిని జనం కొట్టి, ఆమె కారు తగలబెట్టారు. ప్రమాదంతో ఆమెకు ఏ సంబంధమూ లేదు.

ఈ చూపు ఎవరికీ పుట్టుకతో రాదు. అమెరికాలో మనుషుల్ని కొని అమ్మినవాళ్లు, ఆ వ్యాపారం తప్పు కాదనిపించుకోవడానికి నల్లవాళ్లు తక్కువవాళ్లని ప్రచారం చేశారు. తల్లి బానిసైతే బిడ్డా బానిసేనని 1662లో వర్జీనియా చట్టమే చేసింది. 1865లో బానిసత్వం రద్దయినా ఆ ప్రచారం ఆగలేదు. ఇక్కడ దానికి కులం, తెల్లతోలు మోజు తోడయ్యాయి. మన పత్రికల పెళ్లి ప్రకటనల్లో ఇప్పటికీ "తెల్లగా ఉండాలి" అనే షరతు కనిపిస్తోంది.

మన ఇంజినీర్లు, డాక్టర్లు అమెరికా వెళ్లగలిగారంటే అందులో నల్లవాళ్ల పోరాటం ఉంది. వాళ్ల ఉద్యమం 1964లో పౌరహక్కుల చట్టం సాధించింది. ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారి ఆసియావాళ్లకు తలుపులు తెరుచుకున్నాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో హైదరాబాద్ ఇంజినీరును "మా దేశం నుంచి పొండి" అంటూ కాల్చి చంపితే మనమంతా కుమిలిపోయాం. మరుసటి నెలలోనే గ్రేటర్ నోయిడా మాల్‌లో, పుకారు నమ్మిన మూక నైజీరియా విద్యార్థిని కుర్చీలతో, చెత్తడబ్బాలతో చితకబాదింది. దానికి అంత బాధపడ్డామా?

దయచేసి నేర వార్తల హెడ్డింగుల్లో దేశం పేరు వాడటం మానండి. పోలీసులు కూడా కాలనీ సంఘాల మీటింగులకు వచ్చి ఓనర్ల భయం పోగొట్టాలి. విదేశీయుడికి ఇల్లు ఇవ్వడం నేరం కాదు. అతను దిగిన 24 గంటల్లో అతని వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలపాలి.

— ఒక పాఠకురాలు, టోలిచౌకి, హైదరాబాద్