నీళ్లు బాగానే ఇస్తున్నారు, మరి మా ఓటు?

ఝార్ఖండ్ నగరాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

జంషెడ్‌పూర్ నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది.

ముందే ఒప్పుకుంటాను. మా ఊళ్లో కుళాయి కింద గ్లాసు పట్టి నేరుగా తాగొచ్చు. శ్రీకాకుళం నుంచి చుట్టాలొస్తే మా రోడ్లు చూసి ముచ్చటపడతారు. ఇదంతా టాటా కంపెనీ చలవే. మున్సిపాలిటీది అందామంటే మాకు మున్సిపాలిటీయే లేదు, 1924 నుంచీ సర్కారు నియమించే నోటిఫైడ్ ఏరియా కమిటీతోనే నెట్టుకొచ్చాం.

1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకి ఎన్నికైన పాలకవర్గాలు ఉండాలంది. 243క్యూ అధికరణంలో ఒక సందు కూడా వదిలింది: ఏదైనా పరిశ్రమ పౌరసేవలు అందిస్తుంటే గవర్నర్ ఆ ప్రాంతాన్ని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించొచ్చు, అప్పుడు మున్సిపాలిటీ అక్కర్లేదు. మీ రాష్ట్రం 2011 మున్సిపల్ చట్టంలో దానికి చోటిచ్చి, 2023 డిసెంబరులో మా ఊరికి వర్తింపజేసింది. చెత్త ఎత్తడం, నీళ్లివ్వడం కంపెనీ ఎప్పట్నుంచో చేస్తున్న పనులే. ఇప్పుడు ఊరి పాలనలో కూడా దానికి చట్టప్రకారం పీట వేశారు. ఇంతకుముందూ ఊరి పాలనకి మాకు ఓటు లేదు, నిజమే. ఎప్పటికైనా వస్తుందన్న ఆశ మాత్రం ఉండేది.

ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్‌లో 2018లో మేయర్ని ఎన్నుకున్నారు. అక్కడ నీళ్ల కటకట ఎక్కువే. కానీ ఎవరి గుమ్మం ముందు బిందెలు పెట్టాలో వాళ్లకి తెలుసు. మా 86 బస్తీల సంగతి మీకు తెలియంది కాదు. దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటూ పట్టాల కోసం ఎదురుచూస్తున్నారు. ఏ బస్తీకి ముందు పైపు వెయ్యాలన్నది ఒట్టి ఖర్చు లెక్క కాదు. పదిమంది పోయి వార్డు మెంబరు ఇంట్లో కూర్చుంటే తేలే విషయం. మాకు ఆ ఇల్లే లేదు, ఉన్నదల్లా కంప్లయింట్ నంబరు.

బిష్టుపూర్‌లో మా ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కమిటీకి ఎన్నికలొస్తే ఆ హడావుడి చూడాలి మీరు! గుడికి ఓటేస్తాం, ఊరికి వెయ్యలేం.

కంపెనీని సేవలు మానెయ్యమనడం లేదు, అలాగంటే ముందు మా ఆవిడే నన్ను ఇంట్లోకి రానివ్వదు. పారిశ్రామిక పట్టణ పాలకమండలిలో వార్డు సభ్యుల్ని మేమే ఎన్నుకునేలా చట్టం సవరించండి. నీటి రేట్లు ఆ మండలి ముందు పెట్టి, చర్చించాకే పెంచాలి. టాటాలకిచ్చిన 30 ఏళ్ల భూమి లీజు 2025 డిసెంబరు 31తో ముగిసేలా రాసుకున్నది. దాన్ని పొడిగించే కాగితాల్లోనే ఈ షరతూ రాయించండి.

ఇట్లు,
కద్మా నివాసి ఒకడు