రేవు దాకా వచ్చిన 108: వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమలో గోదావరి పాయల మధ్యనున్న ఒక లంక గ్రామం నుంచి రాస్తున్నాను. రిటైరైన బడిపంతుల్ని. మా ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో నాలుగేళ్ళుగా సభ్యుణ్ణి. అత్యవసర సేవల మీద సలహా చెప్పడం కూడా కమిటీ పనేనని నన్ను వేసుకున్న రోజున చెప్పారు. అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఆసుపత్రి పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే సూపరింటెండెంట్ గారికి మెమో వస్తుంది, మాకు నావ రాదు. ఆయన మంచివాడు, పైగా ఇంకో ఆసుపత్రికి కూడా ఆయనే ఇన్‌ఛార్జి.

మా లంకకి అంబులెన్సు నావ కావాలని అడగడం ఇది మొదటిసారి కాదు. సోమవారం అర్జీల కార్యక్రమాన్ని 'మీకోసం' అన్న రోజుల్లో ఒకటి ఇచ్చాను. అది 'స్పందన' అయ్యాక మూడు ఇచ్చాను. ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అంటున్నారు, అందులో రెండు. పేరు మారినప్పుడల్లా కొత్త రసీదు వచ్చింది. అర్జీ మాత్రం నాకు కంఠతా వచ్చేసింది. చివరిదానికి ఫోన్లో మెసేజ్ కూడా వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. అది చదివేటప్పటికి నేను రేవులో మోకాలి లోతు నీళ్ళలో, చెప్పులు ఒక చేత్తో, ఫోను ఇంకో చేత్తో పట్టుకుని ఉన్నాను. ఆ సంతోషంలో ఒక చెప్పు గోదాట్లో పోయింది. అందుకే ఈసారి కాగితం మీకొక్కరికే పంపకుండా నలుగురూ చూసేలా రాస్తున్నాను. తప్పయితే క్షమించాలి.

మా కమిటీ ఏడాది పొడుగునా ఏం చేస్తుందో ముందు తమరికి మనవి చేసుకోవాలి. మూడు నెలలకోసారి కూర్చోవాలన్నారు. కూర్చునేది మార్చి ఆఖరి వారంలో ఒక్కసారే, నిధులు ఖర్చయ్యాయని యూసీ (వినియోగ ధ్రువపత్రం) పంపాలి కాబట్టి. మిగతా మూడు సమావేశాలకీ అటెండరు నీలం అట్ట రిజిస్టరు పట్టుకుని ఇళ్ళకే వచ్చి సంతకాలు పెట్టించుకుంటాడు. మా లంకకీ వస్తాడు పాపం, ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని, రిజిస్టరు నెత్తిన పెట్టుకుని, ఏరు దాటి. మా ఆసుపత్రి ఆస్తుల్లో ఏడాది పొడుగునా ఏరు దాటి లంకకి వచ్చేది ఆ రిజిస్టరు ఒక్కటే.

మార్చి సమావేశంలో ఇన్వర్టరు బ్యాటరీలు, బాత్రూముల తలుపులు, గోడలకి రంగులు అన్నీ చర్చకి వస్తాయి. అవీ కావాల్సినవే, కాదనను. మా లంక సంగతి ఎజెండాలో చిట్టచివర ఉంటుంది, 'అధ్యక్షుల వారి అనుమతితో ఇతర అంశములు' అన్నచోట. సరిగ్గా ఆ ఇతర అంశముల దగ్గరికి వచ్చేసరికి తాపేశ్వరం కాజాలు, టీ వస్తాయి. అందరూ లేచి నిలబడతారు. నేను చెబుతుంటాను, వాళ్ళు కాజా పాకం వేళ్ళకి అంటకుండా తింటూ తలలు ఊపుతుంటారు. 'ఆయ్, అలాగేనండి మాస్టారూ, రాసుకున్నాం' అంటారు. నిజమే, రాసుకుంటారు. నాలుగేళ్ళ మినిట్స్ తీసి చూశాను. మొదటి ఏడాది 'లంక గ్రామములకు అంబులెన్సు నావ ఏర్పాటు విషయమై పై అధికారులకు నివేదించుటకు తీర్మానించడమైనది' అని ఉంది. తర్వాత మూడేళ్ళూ 'గత తీర్మానము యథాతథము' అని ఉంది. మా సమస్య కూడా యథాతథమే కాబట్టి రికార్డు తప్పని అనలేను.

ఇక అసలు సంగతి. 108 బండి పట్టణాల్లో 15 నిమిషాల్లో, గ్రామాల్లో 20 నిమిషాల్లో, ఏజెన్సీలో 30 నిమిషాల్లో చేరాలని మీ శాఖ పెట్టుకున్న లెక్క తమరికి నేను చెప్పేదేముంది. లంక అన్న కాలమ్ అందులో లేదు. కాగితం మీద మేం మామూలు గ్రామం. బండి రేవు గట్టు మీద ఆగగానే 'చేరింది' అని నొక్కుతారు, గడియారం అక్కడ ఆగిపోతుంది. ఆ గట్టుకీ మా ఊరికీ మధ్య గోదావరి పాయ ఉందనీ, దాటాక ఇంకో రెండు కిలోమీటర్లు నడవాలనీ గడియారానికి తెలియదు.

పోయిన అక్టోబరులో ఏం జరిగిందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మా వీధిలో కొబ్బరికాయల దింపు కార్మికుడొకడు ఉన్నాడు. నా దగ్గర మూడో తరగతి చదివాడు. రాత్రి జల్లు పడి కొబ్బరి చెట్లు తడిగా ఉన్నాయి, అయినా కొబ్బరి లారీ వస్తుందని పొద్దున్నే ఎక్కాడు. పడ్డాడు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి వెల్లకిలా ఉన్నాడు, చుట్టూ నాలుగు కాయలు దొర్లి ఉన్నాయి. తెలివిలోనే ఉన్నాడు. "మాస్టారూ, నా కాళ్ళు ఉన్నాయేమో చూడండి" అన్నాడు. ఉన్నాయిరా అన్నాను. "మరి నాకు తెలీడం లేదేంటండీ" అన్నాడు.

ఏడుంపావుకి నేనే 108కి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏముంది సార్ అని అడిగింది. గోదావరి అమ్మా అన్నాను. 7:33కి అవతలి గట్టు మీద సైరన్ వినిపించింది. పద్దెనిమిది నిమిషాలు! మెచ్చుకోవాలి, ఆ పైలట్, అంటే 108 డ్రైవరు, ఎంత వేగంగా తోలి ఉంటాడో.

ఆ తర్వాత మొదలైంది మా కథ. వేసవిలో వేసుకున్న ఇసుక బాట ఆగస్టు వరదకి కొట్టుకుపోయింది. వరద తీశాక పాయలో నీళ్ళు ఒకచోట నడుం లోతు, ఒకచోట చీలమండ లోతు, మధ్యలో ఇసుక మేటలు. ఇంజను పడవ నడవదు. ట్రాక్టరు దిగదు. ఉన్నది ఒక నాటు నావ, దాని మనిషి కోసం ఇద్దరు కుర్రాళ్ళు వెతుక్కుంటూ పోయారు. ఈలోగా బండిలో ప్రథమ చికిత్స చేయడానికి వచ్చిన ఈఎంటీ కుర్రాడు బూట్లు విప్పేసి, మెడకి పెట్టే పట్టీ నోట కరుచుకుని, వెన్ను కదలకుండా పడుకోబెట్టే ప్లాస్టిక్ చెక్క నెత్తిన పెట్టుకుని నీళ్ళలోకి దిగేశాడు. దిగొద్దు, ఏదన్నా అయితే మన మీదకి వస్తుందని పైలట్ అరుస్తూనే ఉన్నాడట. అతని పేరు కూడా రాయను. నీళ్ళలోకి దిగినందుకు సంజాయిషీ అడుగుతారేమోనని భయం.

అతను మా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిన్నర కావస్తోంది. అప్పటికే మావాళ్ళు నవ్వారు మంచం తెచ్చి ఎత్తబోతుంటే నేనే ఆపాను, ఎప్పుడో స్కౌటు క్యాంపులో నేర్చుకున్న ముక్క గుర్తొచ్చి. చెక్క మీద బిగించి ఆరుగురం మోశాం. రేవులో చూస్తే చెక్క పొడుగుకి నావ సరిపోలేదు, తల వైపు జానెడు బయటికి వచ్చింది. ఆ జానెడు చెక్కనీ ఈఎంటీ రెండు చేతులతో పట్టుకుని నావ పక్కన నీళ్ళలో నడిచాడు. ఇసుక మేట తగిలి నావ కుదిపినప్పుడల్లా పైనున్న మనిషి పళ్ళు కొరికేవాడు. బండి ఎక్కించేసరికి 9:20. అక్కణ్ణుంచి మా ఆసుపత్రి, అక్కడ రిఫర్, మళ్ళీ కాకినాడ. అతను బతికాడు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరి చీపుర్లు కడుతున్నాడు. కాళ్ళు చెట్టు మీంచి పడ్డప్పుడే పోయాయో, మా మోతలోనూ నావ కుదుపులోనూ పోయాయో చెప్పలేనన్నారు పెద్ద డాక్టరు గారు. ఆయన చెప్పలేకపోవడమే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు, ఎందుకంటే ఆ చెక్కకి కుడి మూల పట్టుకున్నది నేను.

మొన్న మార్చి సమావేశంలో అత్యవసర కేసుల వార్షిక నివేదిక చదివారు. మా మండలంలో దాదాపు అన్ని కేసులూ నిర్ణీత సమయంలోపే అన్నారు. అక్టోబరు నెల కాగితం అడిగి తీసుకుని చూశాను. ఆ కేసు ఉంది. స్పందన సమయం: 18 నిమిషాలు. సక్సెస్. నేను లేచి, "అయ్యా, మనిషి బండి ఎక్కడానికి రెండు గంటల అయిదు నిమిషాలు పట్టింది" అన్నాను. ఫార్మాట్లో ఆ కాలమ్ లేదండి అన్నారు. కాజాలు వచ్చాయి.

మంత్రి గారూ, వరదలప్పుడు మమ్మల్ని పట్టించుకోవడం లేదని నేననను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఎన్డీఆర్‌ఎఫ్ పడవలొచ్చాయి, లైఫ్ జాకెట్లు వేశారు, పులిహోర పొట్లాలిచ్చారు, నెలలు నిండినవాళ్ళని ముందే తీసుకుపోయారు. మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరిందంటే మేం ప్రభుత్వానికి చుట్టాలం. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి గాని మొదటి హెచ్చరిక రాదు. మా చావంతా ఏ హెచ్చరికా లేని రోజుల్లోనే. జూలైలో ఎర్రనీరు, అంటే కొత్త వరద నీరు, తగిలింది మొదలు సంక్రాంతి దాకా, టీవీల్లో స్క్రోలింగ్ రాని నీళ్ళు, ఎవరూ కొలవని నీళ్ళు. వరదొస్తే బాగుండు, గుండెనొప్పి వస్తే పడవన్నా ఉంటుందని మా పక్కింటి ముసలమ్మ అంటుంది. ఆవిడ వెటకారంగా అనడం లేదండి.

ఏజెన్సీలో బైకు అంబులెన్సులు పెట్టారు. చాలా మంచి పని, వాళ్ళ కష్టం మాకన్నా ఎక్కువ. వాళ్ళ డోలీ ఫోటో పేపర్లో పడితే రాష్ట్రమంతా అయ్యో అంటుంది. మా మంచం మోత ఫోటో తీసినా ఎవరూ అయ్యో అనరు, వెనకాల గోదావరి, కొబ్బరిచెట్లు అంత అందంగా పడతాయి మరి. టూరిజం వాళ్ళు పోస్టరు వేసుకోవచ్చు.

నావ సంగతికొస్తాను. ఊళ్ళో ఉన్న నావకే డీజిల్ ఖర్చు కమిటీ నిధుల్లోంచి ఇద్దామని రెండో ఏడాది ప్రతిపాదించాను. చిన్న ఇంజను బిగించుకుంటానని దాని మనిషి ఒప్పుకున్నాడు. లైసెన్సు లేని నావకి బిల్లు పాస్ కాదు, ఆడిట్ అభ్యంతరం అన్నారు. సరే, లైసెన్సు తెచ్చుకోరా అన్నాను. మా రేవు పాట (వేలం) రెండేళ్ళుగా ఎవరూ పాడలేదు, పాట లేని రేవుకి లైసెన్సు ఎలా అని తిప్పి పంపారు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడి పిల్లలు గల్లంతయ్యాక, మరుసటి ఏడాది కచ్చులూరు ప్రమాదం జరిగాక రూల్సు బిగించారు. బిగించాల్సిందే. పిల్లల్ని పడవల్లో బడికి పంపిన ఊరు మాది, మాకు తెలీదా? కానీ రూలు వచ్చింది, రూలు ప్రకారం ఉండే నావ రాలేదు. సిబ్బంది లైసెన్సు లేని నావ ఎక్కకూడదు, లైసెన్సున్న నావ లేదు, కాబట్టి రోగే గట్టు దాకా రావాలి. ఇదండీ ప్రస్తుత విధానం.

వంతెన అడగడం లేదు. అది తమరి శాఖ కాదని తెలుసు, మా తాత అడిగాడు, మా నాన్న అడిగాడు, ఆ వరస నాతో ఆపేశాను. నావ అడుగుతున్నాను. చెక్క పట్టేంత పొడుగున్నది, లోతు లేని నీళ్ళలో కూడా తేలేది, లైసెన్సున్నది. అది ఇవ్వలేకపోతే ఎర్రనీరు రాకముందే ఒక ఈఎంటీని, ఒక చెక్కని, ఒక ఆక్సిజన్ సిలిండరుని మా సచివాలయం గదిలో పెట్టండి. ఆ గది ఎలాగూ ఖాళీగానే ఉంటోంది. అదీ కుదరకపోతే ఆ ఫార్మాట్లో ఒక్క కాలమ్ వేయించండి, రోగి బండి ఎక్కిన సమయం అని. దానికి డీజిల్ కూడా అక్కర్లేదు. కానీ నావ ఇవ్వండి. ముందు నావ.

తమరు రేవుకి వస్తే బాగుంటుంది. మార్చిలో వద్దు, మార్చిలో అందరూ వస్తారు, కారులోనే ఇసుక మీంచి రావచ్చు. అక్టోబరులో రండి. ప్యాంటు మడుచుకోవాలి, చెప్పులు చేత్తో పట్టుకోవాలి, అంతే. మా అటెండరు దారి చూపిస్తాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సభ్యుడు,
ఒక లంక గ్రామం, కోనసీమ.

తా.క.: ఈ లేఖ రాస్తుండగానే రిజిస్టరు వచ్చింది, జూన్ సమావేశానికి సంతకం కావాలట. జరగని సమావేశానికి ఈసారి సంతకం పెట్టలేదు. అటెండరు చాలాసేపు నిలబడి, టీ తాగి, రిజిస్టరు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతన్ని ఏమీ అనొద్దని మనవి.