తెల్లటి ఇంట్లో గట్టు కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి ఇళ్లకు రంగులు వేయించుకునే రోజులు దగ్గర పడ్డాయి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. నిరుడు మా ఇంట్లో అన్ని గదులకూ తెల్ల ఎమల్షన్ వేయించాము. షేడ్ కార్డులో ఉన్న తెలుపులన్నిటిలోకీ తెల్లనిదాన్ని, మెరుపున్నదాన్ని నేనే ఏరి కోరి ఎంచుకున్నాను. ఇల్లు విశాలంగా కనిపించింది. వచ్చినవారంతా మెచ్చుకున్నారు.

వారం తిరగకముందే 82 ఏళ్ల మా అమ్మ స్నానాల గది గుమ్మం దగ్గర పడింది. ఎముక విరగలేదు గానీ మోకాలి వాపు తగ్గడానికి నెల పట్టింది. "గట్టు ఎక్కడుందో కనబడలేదే తల్లీ" అంది. ఆమె పడిన చోటే నిలబడి చూశాను. గోడ తెలుపు, టైల్స్ తెలుపు, తలుపు తెలుపు, స్విచ్ బోర్డు తెలుపు, రెండంగుళాల ఆ గట్టూ తెలుపే. వీటన్నిటి మీదా తెల్లటి ఎల్‌ఈడీ వెలుగు. అమ్మకు ఒక కంట్లో శుక్లం ఉంది. శుక్లం ఉన్న కంట్లో వెలుతురు చెదిరిపోతుంది, మెరిసే గోడ ఎదురుగా ఉంటే చూపు మరింత మసకబారుతుంది.

ఆ తరువాతే నేను ఈ విషయం చదివి తెలుసుకున్నాను. ఏ రంగు ఎంత వెలుతురును తిప్పి కొడుతుందో చెప్పే అంకె ఒకటుంది, దాన్ని ఎల్‌ఆర్‌వీ అంటారు. నలుపుకు 0, సంపూర్ణమైన తెలుపుకు 100. మంచి తెల్ల రంగులు 85 చుట్టుపక్కల ఉంటాయి. చూపు తగ్గినవారికి గోడకూ నేలకూ, గోడకూ తలుపుకూ ఈ అంకెలో 30 తేడా ఉండాలని బ్రిటన్ భవన ప్రమాణాలు సూచిస్తాయి. మా ఇంట్లో ఆ తేడా లేనే లేదు.

నా చిన్నతనంలోనూ మా ఇల్లు తెల్లనిదే. పండగ ముందు గుల్ల సున్నం నానబెట్టి, పసుపు ఛాయ విరగడానికి చిటికెడు నీలిమందు కలిపి, కుంచెతో రెండుసార్లు వెల్ల వేసేవారు. కానీ సున్నానికి మెరుపు లేదు. పైగా గోడ అడుగున జానెడు ఎర్రమన్ను పట్టీ ఉండేది, గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేవారు. ఆ పట్టీ మురికి కనబడకుండా వేసేదని అనుకునేదాన్ని. మసక చీకట్లో మా నానమ్మ దాన్ని చూసుకుంటూనే నడిచేదని ఇప్పుడు అర్థమవుతోంది.

తెలుపు వద్దని నేను అనడం లేదు. ఒక్క కిటికీ ఉన్న మా వంటగదికి అదే మేలు, పైకప్పుకూ అదే ఉంచాము. అమ్మ గది గోడలకు మాత్రం మెరుపు లేని మీగడ రంగు, ద్వారబంధాలకు ముదురు గోధుమ, గట్టు అంచుకు ఎరుపు వేయించాము. తెల్లటి వెలుగిచ్చే 6500 కెల్విన్ బల్బు తీసి, పసుపు ఛాయ వెలుగిచ్చే 3000 కెల్విన్‌ది పెట్టాము. నాలుగు లీటర్ల రంగు, రెండు రోజుల కూలి అయింది.

రంగుల దుకాణాల వారికీ, మేస్త్రీలకూ నా విన్నపం ఒక్కటే. డబ్బా మూత తీసే ముందు "ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారా" అని అడగండి. మా వీధిలో మూడిళ్లకు వచ్చే వారం పుట్టీ పట్టడం మొదలవుతుంది. మూడింటిలోనూ డెబ్బై దాటినవారు ఉన్నారు.

— విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి