కింది దవడకు రెండు ఇంప్లాంట్లు చాలవా?

సంపాదకులు గారికి,

నమస్కారం.

కట్టుడు పళ్ల కాలం చెల్లిపోయిందనీ, స్థోమత ఉన్నవారు దవడ ఎముకలో మరలు బిగించి వాటిపై పళ్లు పెట్టే ఇంప్లాంట్లకే వెళ్లడం మంచిదనీ అర్థం వచ్చేలా మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఇటీవల ఒక వ్యాసం వచ్చింది. అందులోని వైద్య విషయాలతో నాకు పేచీ లేదు. అయితే పళ్లన్నీ పోయిన పెద్దవాళ్ల ముందు ఆ వ్యాసం రెండే దారులు పెట్టింది. రాత్రి తీసి నీళ్ల గ్లాసులో వేసుకునే సెట్టు ఒకటి, నోటినిండా బిగించే ఇంప్లాంట్లు రెండోది. ఈ రెండింటి నడుమ మరో దారి ఉంది, కింది దవడకు రెండే ఇంప్లాంట్లు వేసి, తీసి పెట్టుకునే సెట్టును వాటికి పట్టించడం. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో పింఛను మీద బతికే నాలాంటి చాలామందికి అది సరిపోతుందని నా నమ్మకం. ఖజానా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న నేను పంటి వైద్యుణ్ణి కాను. ఈ చికిత్స చేయించుకునే ముందు నలుగురు డాక్టర్లను అడిగి, దొరికినంత చదివి నిర్ణయం తీసుకున్న రోగిగా మాత్రమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది, పై దవడనూ కింది దవడనూ ఒకే గాటన కట్టకూడదు. పై సెట్టు అంగిలినంతా కప్పి, లాలాజలం పొరతో పీల్చినట్టుగా అతుక్కుని నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ సదుపాయం లేదు. గుర్రపు నాడా ఆకారంలో ఉండే సన్నటి చిగురు గట్టు మీద అది ఊరికే ఆని ఉంటుంది. లోపలి నుంచి నాలుక, బయటి నుంచి బుగ్గ, కింది పెదవి రోజంతా దాన్ని నెడుతూనే ఉంటాయి. దీనికి తోడు పళ్లు పోయాక దవడ ఎముక ఏటేటా అరిగిపోతుంది. ఆంట్యే టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు కట్టుడు పళ్లు పెట్టుకున్నవారిని 25 ఏళ్ల పాటు గమనించి, కింది దవడ ముందుభాగం ఎత్తు పై దవడకన్నా దాదాపు 4 రెట్లు ఎక్కువగా తరిగిపోతుందని 1972లో ప్రచురించారు. మొదట్లో చక్కగా కుదిరిన కింది సెట్టు నాలుగైదేళ్లకు గలగలలాడటానికి కారణం ఇదే. ఆ తప్పును చాలామంది పళ్లు కట్టిన డాక్టరు మీదకు నెడతారు.

నా అనుభవమూ అంతే. పై సెట్టుతో నాకు ఏనాడూ చిక్కు రాలేదు. కింది సెట్టు మాత్రం మాట్లాడుతుంటే లేచేది, ముందు పళ్లతో ఏది కొరికినా వెనక భాగం పైకి తేలేది. రాగి సంగటి తిన్నంతసేపూ ఏ బాధా లేదు. మన సీమలో సంగటి ముద్దను నమలరు, మింగుతారు కాబట్టి పళ్లు లేనివాడికి అంతకన్నా దిక్కు లేదు. దానితో తినే ఊరిబిండి పచ్చడితోనే తంటా అంతా. నలగని వేరుశనగ పలుకు ఒక్కటి సెట్టు కిందికి దూరిందంటే చెప్పులో రాయి పడ్డట్టే. పదిమందితో పంక్తిలో కూర్చున్నప్పుడు లేచి వెళ్లి, కడుక్కుని, మళ్లీ పెట్టుకుని రావలసి వచ్చేది. క్రమంగా పెళ్లిళ్లకు వెళ్లి తాంబూలం పుచ్చుకుని భోజనం చేయకుండానే వచ్చేయడం అలవాటైంది. కట్టుడు పళ్లవాళ్లు చాలామంది ఇదే చేస్తారు, ఎవరూ పైకి చెప్పుకోరు.

ఇక ఇంప్లాంటు సంగతి. టైటానియంతో చేసిన చిన్న మరను దవడ ఎముకలో బిగిస్తే కొన్నాళ్లకు ఎముక దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. స్వీడన్‌కు చెందిన పరిశోధకుడు బ్రేనెమార్క్ 1952 ప్రాంతంలో కుందేళ్ల ఎముకల్లో టైటానియం పరికరాలు అమర్చి పరిశోధన చేస్తుండగా, తీసేద్దామంటే అవి ఊడి రాలేదు. ఆ గమనికే ఈ వైద్యానికి మూలం. ఆయన 1965లో మొదటిసారి ఇంప్లాంట్లు అమర్చిన రోగి యోస్టా లార్సన్ 2006లో చనిపోయేదాకా వాటితోనే గడిపాడు. కాబట్టి ఇదేదో నిన్నమొన్నటి ప్రయోగమని భయపడనక్కరలేదు. బాగా చేసిన ఇంప్లాంట్లలో పదేళ్ల తర్వాత కూడా నూటికి 95 దాకా నిలిచి ఉంటున్నాయని అధ్యయనాలు చెబుతున్నాయి. టైటానియాన్ని అయస్కాంతం లాగదు కనుక తర్వాత ఎంఆర్ఐ తీయించుకోలేమన్న భయమూ అక్కరలేదు. ఇంప్లాంట్లున్నాయని స్కాన్ తీసేవారికి ముందుగా చెబితే చాలు.

నేను చెప్పదలచిన నడిమి దారి కింది దవడకు సంబంధించింది. కింది దవడ ముందుభాగంలో, కోరపళ్లు ఉండే చోట, అటొకటి ఇటొకటి చొప్పున రెండే రెండు ఇంప్లాంట్లు వేస్తారు. ఎముక వాటిని పట్టుకున్నాక పైన చిన్న గుండీల్లాంటి భాగాలు బిగిస్తారు. సెట్టు అడుగున వాటికి సరిపోయే గూళ్లు ఉంటాయి. సెట్టును నొక్కితే చిటుక్కున పడుతుంది, రాత్రి వేలితో ఎత్తితే వస్తుంది. పళ్లన్నీ పోయిన కింది దవడకు కనీస ప్రమాణంగా మామూలు సెట్టు బదులు రెండు ఇంప్లాంట్ల సెట్టునే మొదట సూచించాలని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 2002లో సమావేశమైన నిపుణులు తీర్మానించారు. 2009లో బ్రిటన్‌లోని యార్క్‌లో కూడిన నిపుణులు కూడా అదే మాట అన్నారు. ఇన్నేళ్లయినా మన ఊళ్లలో పంటి ఆస్పత్రి మెట్లెక్కిన పెద్దాయనకు ఈ మాట చెప్పేవారు అరుదుగానే కనిపిస్తున్నారు. నా విషయంలో తిరుపతిలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో పైన ఆరు, కింద ఆరు ఇంప్లాంట్లు వేసి బిగించిన పళ్లు పెట్టాలన్నారు. రెండింటితో సరిపెట్టవచ్చా అని అడిగితే అది పాత పద్ధతి అని తేల్చేశారు. ఖర్చు కాగితం మీద రాసివ్వమంటే ముందు అడ్వాన్సు కట్టండన్నారు. చివరికి వేరే చోట, ఎండీఎస్ చదివిన కృత్రిమ దంతాల నిపుణుడి దగ్గర, కింద రెండు ఇంప్లాంట్లు వేయించుకుని పాత పై సెట్టునే ఉంచుకున్నాను. ముందు చెప్పిన క్లినిక్‌లో అడిగిన మొత్తంలో ఆరో వంతు కూడా కాలేదు. చెరకు ముక్క కొరకలేను, ఆ ఆశ వదులుకున్నాను. వేరుశనగలు మాత్రం తింటున్నాను, పెళ్లి భోజనమూ చేస్తున్నాను.

నోటినిండా బిగించే పళ్లు ఎవరికీ వద్దని నా ఉద్దేశం కాదు. నలభై, యాభై ఏళ్ల వయసులో ప్రమాదంలోనో చిగుళ్ల జబ్బుతోనో పళ్లు పోగొట్టుకున్నవారికి అవి వరమే. పెద్ద వయసువారు మాత్రం ఒక విషయం ఆలోచించాలి. బిగించిన పళ్లను రోగి తీయలేడు, కాబట్టి వాటి అడుగున చిగురును ఆనుకుని ఉండే సందును సన్నటి బ్రష్షుతోనో ప్రత్యేకమైన దారంతోనో రోజూ తానే శుభ్రం చేసుకోవాలి. మా వీధిలో ఒక పెద్దాయనకు కొడుకులు ముచ్చటపడి రెండు దవడలకూ బిగించిన పళ్లు పెట్టించారు. తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడు కోడలు టార్చిలైటు ఒక చేత్తో, బ్రష్షు ఇంకో చేత్తో పట్టుకుని పూటపూటా ఆయన నోరు కడగవలసి వస్తోంది. ఆయన నోరు నొక్కేసుకుంటాడు, ఆమె బతిమాలుతుంది. తీసి పెట్టే సెట్టయితే ఆ అమ్మాయి కుళాయి కింద నిమిషంలో కడిగేది. సహజమైన పంటి వేరు చుట్టూ ఉండే నారపొర ఇంప్లాంటు చుట్టూ ఉండదు. అందువల్ల చిగురు చీము పట్టినా నొప్పి తొందరగా తెలియదు, ఎముక కరిగిపోయి ఇంప్లాంటు కదిలేదాకా వస్తుంది. చెయ్యి సాగని రోజు ఒకటి వస్తుందన్న ఆలోచన అరవై దాటినవారికి ఉండటంలో అపశకునం ఏమీ లేదు.

వయసు ఒక్కటే ఇంప్లాంటుకు అడ్డంకి కాదు. అడ్డు వచ్చేవి వేరే ఉన్నాయి. మూడు నెలల చక్కెర సగటు అదుపులో లేనివారు ముందు దాన్ని దారికి తెచ్చుకోవాలి. పొగ తాగేవారికి ఇంప్లాంటు విఫలమయ్యే అవకాశం ఎక్కువ. దవడకు రేడియేషన్ చికిత్స జరిగినవారి విషయం చాలా జాగ్రత్తగా చూడాలి. అన్నిటికన్నా ఎక్కువగా మరుగున పడుతున్నది ఎముకలు గుల్లబారే జబ్బుకు ఇచ్చే మందుల సంగతి. మన ఇళ్లలో అరవై దాటిన ఆడవాళ్లు చాలామంది వారానికొక అలెండ్రోనేట్ మాత్రో, ఏడాదికొక జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షనో వాడుతుంటారు. వీటిని ఏళ్లతరబడి వాడినవారిలో కొందరికి దవడ మీద శస్త్రచికిత్స చేస్తే గాయం మానక ఎముక చచ్చుబడవచ్చు. పంటి డాక్టరు అడిగేది బీపీ, షుగరు, గుండె గురించే కాబట్టి మోకాళ్ల డాక్టరు రాసిన మాత్ర సంగతి ఎవరికీ తట్టదు. మందుల చీటీలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి ముందు పెట్టడమే మేలు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు గుండె డాక్టరును అడగకుండా సొంతంగా మానేయకూడదు.

తిరుపతిలో ఆటోల వెనకా, రేణిగుంట రోడ్డు హోర్డింగుల మీదా కనిపిస్తున్న ‘ఒక్క రోజులో కొత్త పళ్లు’ ప్రకటనల గురించి కూడా ఒక మాట. అది పూర్తిగా అబద్ధం కాదు. ఎముక గట్టిగా ఉండి, మర బిగించినప్పుడే పట్టు బాగా దొరికితే అదే రోజో మర్నాడో పళ్లు తొడగడం సాధ్యమే. అలా తొడిగేవి సాధారణంగా తాత్కాలికమైనవి. ఎముక అతుక్కోవడానికి కింది దవడలో ఇంచుమించు 3 నెలలు, పై దవడలో 6 నెలల దాకా పడుతుంది, అసలు పళ్లు ఆ తర్వాతే. ఆ నెలల్లో మెత్తటి ఆహారమే తినాలన్న సంగతీ, రెండో విడత పళ్లకు మళ్లీ ఎంతవుతుందన్న సంగతీ హోర్డింగు మీద రాయరు.

రెండు ఇంప్లాంట్ల సెట్టుకూ నిర్వహణ ఖర్చు ఉంటుంది. గుండీ గూటిలో ఉండే నైలాను బిళ్లలు అరిగి పట్టు వదులవుతుంది, ఏడాదికో రెండేళ్లకో మార్పించుకోవాలి. ఒక కంపెనీ భాగాలు చాలావరకు ఇంకో కంపెనీ ఇంప్లాంటుకు పట్టవు. పదేళ్ల తర్వాత ఆ డాక్టరు ఊరు మారినా, క్లినిక్ మూతపడినా, ఎముకలో ఉన్నది ఏ కంపెనీదో, ఏ కొలతదో తెలియకపోతే ఎక్స్‌రే చూసి ఊహించుకోవలసిందే. ఇంప్లాంటు డబ్బా మీద కంపెనీ పేరు, కొలత, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది. దాన్ని రోగి కార్డు మీద అతికించి ఇవ్వమని అడిగి తీసుకోవాలి. నేను అడిగితే వెతికి ఇచ్చారు, అడగకపోతే ఆ డబ్బాలు చెత్తబుట్టలోకి పోయేవే.

అసలు ఇంప్లాంటే అక్కరలేనివారూ ఉన్నారు. దవడ గట్టు ఎత్తుగా, బలంగా ఉన్నవారు మంచి సెట్టుతో హాయిగా వెళ్లదీస్తారు. సెట్టు వదులైనప్పుడు కొత్తది కొనే ముందు లోపలివైపు మళ్లీ పూత వేసి చిగురుకు సరిచేయించుకుంటే చాలాసార్లు సరిపోతుంది. వేడినీళ్లలో వేస్తే సెట్టు వంకర పోతుందనీ, గరుకు పేస్టుతో తోమితే గీతలు పడతాయనీ, రాత్రి తీసి పడుకోకపోతే అంగిలి పుండు పడుతుందనీ సెట్టు ఇచ్చేటప్పుడే చెప్పి పంపితే సగం ఫిర్యాదులు తగ్గుతాయి. డబ్బు చాలనివారికి దంత కళాశాలలున్నాయి. బీడీఎస్ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో పూర్తి సెట్లు చేయడం వారి చదువులో భాగం కాబట్టి అక్కడ ఖర్చు తక్కువ, తిరగవలసిన రోజులు మాత్రం ఎక్కువ.

ప్రభుత్వాన్ని కోరేవి కొన్ని ఉన్నాయి. గుండెలో వేసే స్టెంట్లకూ, మోకాలి ఇంప్లాంట్లకూ కేంద్రం 2017లో గరిష్ఠ ధరలు నిర్ణయించింది. దవడలో వేసే ఇంప్లాంటుకు అలాంటి పరిమితి లేదు. ఒకే కంపెనీ సరుకుకు చిత్తూరులో ఒక ధర, తిరుపతిలో ఒక ధర, వేలూరు దాటితే ఇంకో ధర నేనే విన్నాను. ధరల పరిమితి రావడానికి కాలం పట్టవచ్చు. ఈలోగా మర, దానిపై భాగాలు, పళ్లు, స్కాన్, అవసరమైతే ఎముక చాలని చోట నింపే గ్రాఫ్టు, వేటికి ఎంతో విడివిడిగా రాసి, చికిత్సకు ముందే సంతకం చేసి ఇవ్వడం ప్రతి పంటి ఆస్పత్రికీ తప్పనిసరి చేయడానికి అడ్డేమిటి? ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. చేతిలో కాగితం లేనివాడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి ఏం చూపిస్తాడు?

ఇక మన వైపు వారికి దగ్గరున్న ప్రభుత్వ దంత కళాశాల కడపలో ఉంది, రెండోది విజయవాడలో. కింది దవడకు రెండు ఇంప్లాంట్ల సెట్టు ఆ రెండు చోట్లా ఎంతకు చేస్తారో, ఎన్నాళ్లు వేచి ఉండాలో అధికారులు పత్రికా ముఖంగా ప్రకటిస్తే చిత్తూరు నుంచి బస్సెక్కడానికి సిద్ధంగా ఉన్నవారు చాలామంది ఉన్నారు. మీ ఆరోగ్యం పేజీ విలేకరి ఆ వివరాలు సేకరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి,
చిత్తూరు